గాలి గుమ్మటంలో అంతరిక్ష యాత్ర: అయిదుకు మూడు మార్కులు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే జనం కోసం విజయనగరం అయోధ్య మైదానం దగ్గర పెట్టిన ప్రదర్శనలో ఈసారి గాలి నింపిన గుమ్మటం ఒకటి వెలిసింది. వంగి, ఇంచుమించు పాకుతూ లోపలికి వెళ్లాలి. మోకాళ్లు అరిగినవాళ్లు ముందే ఆలోచించుకోండి. చాప మీద వెల్లకిలా పడుకుంటే తల మీదంతా తెరే. టికెట్టు ఎనభై రూపాయలు, ఆట అరగంట.

బొమ్మకు వంక పెట్టలేం. 1984 ఏప్రిల్ 3న మాలిషెవ్, స్ట్రెకలోవ్‌లతో కలిసి రాకేశ్ శర్మ ఎక్కిన సోవియట్ నౌక సోయుజ్ టి-11 బైకనూర్ నుంచి లేస్తుంటే, నా పక్కనున్న గజపతినగరం ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తరువాత 2025 జూన్ 25, ఫ్లోరిడా. కమాండర్ పెగ్గీ విట్సన్, పైలట్ మన శుభాంశు శుక్లా, పోలండ్, హంగేరీల నుంచి చెరొకరు. మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 12.01కి బయలుదేరి, మర్నాడు సాయంత్రం 4.01కి అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్ చేరారు.

"తాతా, ఎత్తు నాలుగు వందల కిలోమీటర్లే కదా, అంతసేపెందుకు?" అన్నాడు మనవడు. ఇక్కడి నుంచి విజయవాడ ఎంతో అంతే మరి! ఆటలో దీనికి జవాబు లేదు. స్టేషన్ గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతూనే ఉంటుంది. కింది కక్ష్యలో చుట్టు త్వరగా పూర్తవుతుంది కాబట్టి, నౌక కిందనే తిరుగుతూ దాన్ని అందుకుని, మెల్లగా పైకి జరగాలి.

నేను రైల్వేలో గార్డుగా చేసినవాణ్ణి. పెట్టెకు పెట్టె తగిలించేటప్పుడే పనితనం బయటపడుతుందని నాకు తెలుసు. ఈ ఆటలో నౌక స్టేషన్‌కు తగులుకునే ఘట్టం రెండు రెప్పపాట్లలో ముగిసింది, అదీ 'దడేల్' అనే చప్పుడుతో! గాలిలేని చోట చప్పుడెక్కడిది? అసలు అంత గట్టిగా తగిలితే షంటింగ్‌లో చార్జిషీటు ఇచ్చేవారు. నిజానికి నౌక నడక కన్నా నెమ్మదిగా వచ్చి ఆనుతుంది, ఆ తరువాత కొక్కేలు బిగుసుకుంటాయి. మేము బ్రేకు పైపు కలిపి ఒత్తిడి చూసుకున్నట్టే, వాళ్లూ గాలి ఎక్కడా కారడం లేదని చూసుకుని గానీ తలుపు తీయరు. శుక్లా బృందానికి గంటన్నర పైనే పట్టింది. నాకైతే ఆ గంటన్నరే అసలు కథ.

ఇంకో తప్పు. శర్మ టి-11లోనే తిరిగొచ్చినట్టు చూపించారు. ఆయన ఏప్రిల్ 11న దిగింది సోయుజ్ టి-10లో. కక్ష్యలో ఎక్కువ కాలం ఉంటే సోయుజ్ నమ్మకం తగ్గుతుంది. అందుకే కొత్త నౌకను అప్పటి సోవియట్ స్టేషన్ శాల్యూట్-7లో ఉండిపోయే ముగ్గురికి వదిలి, పాతదాంట్లో వచ్చేశారు. ఆపరేటర్ కుర్రాడికి చెబితే, "సినిమా మాది కాదండీ, పైనుంచి పంపారు" అంటూనే ఫోనులో రాసుకున్నాడు. మర్యాదస్థుడు.

పిల్లలకు నచ్చింది మాత్రం శుక్లా స్టేషన్‌లో పెసలు, మెంతులు మొలకెత్తించిన భాగం. "మేం తడిగుడ్డలో కడతాం, ఇంతోటి దానికి అంత దూరమా?" అన్నారు గజపతినగరం ఆవిడ. గుమ్మటమంతా నవ్వులు.

రాత్రి ఆటకే వెళ్లండి, మధ్యాహ్నం లోపల ఉడికిపోతారు. గాలి నింపే పంకా ద్వారం పక్కనే ఉంది, దాని హోరులో వ్యాఖ్యానం సగం వినపడదు. ముందుగా దూరి అవతలి వైపు చేరండి. చెప్పులకు కాపలా లేదు, సంచిలో పెట్టుకోండి.