ఇగ్బోనా, ఇక్వెరెనా? ధ్వనుల మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఏది మేలు

ఆఫ్రికా భాషల ధ్వనుల మీద ఆసక్తి పుట్టి నైజీరియా వైపు చూసేవాళ్లు చాలామంది నేరుగా ఇగ్బోనే పట్టుకుంటారు. అర్థం చేసుకోదగ్గదే. రెండు కోట్లకు పైగా జనం మాట్లాడతారు, 1961లో ఖరారైన రాత పద్ధతి ఉంది, 2018 నుంచి బీబీసీ ఇగ్బోలో వార్తలు కూడా ఇస్తోంది, కాబట్టి వినడానికీ చదవడానికీ కొదవ లేదు. ఇక్వెరెకి అంత అండ లేదు. రివర్స్ రాష్ట్రంలో పోర్ట్ హార్కోర్ట్ చుట్టుపక్కల ప్రాంతం దానిది, ఆ నగరంలోనేమో ఇంగ్లీషు, దాన్నుంచి పుట్టిన కలగలుపు భాష పిడ్జిన్‌ల జోరు.

అయినా ధ్వనుల కోసమే అయితే నా ఓటు ఇక్వెరెకే.

ఇగ్బోలో క్ప, గ్బ అని రెండు హల్లులున్నాయి. మన లిపిలో అలా రాస్తే క తర్వాత ప అనిపిస్తుంది కానీ, నిజానికి నాలుక వెనక భాగం, పెదవులు రెండూ కలిసి ఒకేసారి పని చేయాలి. కొన్నాళ్లు సాధన చేస్తే పట్టుబడుతుంది. ఇక్వెరెలో వీటి స్థానంలో ఉన్న జంట ఇంకా ఆశ్చర్యం: పెదవులు మూసుకుంటాయి, కానీ నోట్లో గాలి ఒత్తిడి పెరగదు, అందుకే మన బ లాగా తెరిచినప్పుడు పేలదు. ఒకటి మామూలుగా పలుకుతుంది, రెండోది గొంతు బిగించి. క్లెమెంట్స్, సిల్వెస్టర్ ఓసు అనే భాషాశాస్త్రవేత్తలు దీన్ని నోటిలోని గాలి ఒత్తిడి కొలిచి మరీ చూపించారు.

అసలు నన్ను కట్టిపడేసింది మ, న సంగతి. ఇగ్బోలో ఇవి మనకున్నట్టే సొంత హల్లులు. ఇక్వెరెలో, ఆ ఇద్దరి విశ్లేషణ ప్రకారం, అచ్చు ముక్కుతో పలికితే ఆ పేలని బ కాస్తా మ అవుతుంది, ల వెళ్లి న అవుతుంది! అంటే అనునాసికత్వం (ముక్కుతో పలికే గుణం) హల్లుది కాదు, అచ్చుది. సొంత హల్లులుగా మ, న లేని భాష ఉంటుందా అనుకునేవాళ్లు ఒక్కసారి దీన్ని చూడాలి.

అచ్చుల్లో కూడా ఇక్వెరెదే పైచేయి. ప్రామాణిక ఇగ్బోకి 8 ఉంటే దీనికి 9, పైగా ముక్కుతో పలికేవి వేరే. అచ్చులు రెండు జట్లుగా విడిపోయి ఒక మాటలో మామూలుగా ఒకే జట్టువి రావడం మాత్రం రెండింటిలోనూ ఉంది, స్వరస్థాయి మారితే అర్థం మారిపోవడమూ అంతే.

ఇక్వెరె ఇగ్బోకి మాండలికమా, వేరే భాషా అన్న గొడవ అక్కడ చాలా సున్నితమైనది, 1967లో రివర్స్ రాష్ట్రం ఏర్పడటం, ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధం దానితో ముడిపడి ఉన్నాయి. చాలామంది ఇక్వెరెలు తమది వేరే భాషే అంటారు, వాళ్ల మాటని గౌరవించడమే సరి. ధ్వనుల లెక్కన చూసినా ఇగ్బో రికార్డింగులు విని ఇక్వెరె వచ్చేస్తుందనుకోవడం పొరపాటే.

మనుషులతో మాట్లాడటం, పాటలు, వార్తలు కావాలంటే మాత్రం ఇగ్బోతోనే మొదలుపెట్టండి, మరో ఆలోచన వద్దు. ఇదే కుటుంబంలో ఒగ్బా, ఇకా, ఉక్వువాని కూడా ఉన్నాయి. ఎక్పెయే అన్నిటికంటే దూరంగా జరిగిపోయిన బంధువు, దాన్ని ఇగ్బో, ఇక్వెరె రెండూ కాస్త చెవికెక్కాక చూసుకోవచ్చు.