బండిలో కార్బన్ పడితే లిక్విడ్ పోయాలా, హెడ్ దించాలా? ఏది మేలు?

‘బైకు గుంజడం లేదు, మెకానిక్ కార్బన్ పట్టిందంటున్నాడు. ట్యాంకులో కార్బన్ కరిగించే లిక్విడ్ పోస్తే పోతుందా, ఇంజిన్ పైభాగం విప్పి హెడ్ దించాల్సిందేనా?’ కావలి వాళ్లూ ఇదే అడుగుతున్నారు, ఒంగోలు వాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఈ ఎండాకాలం నా బండికి హెడ్ దించించానని తెలిశాక ఇంకా ఎక్కువ మంది అడుగుతున్నారు.

బండి ఎన్నేళ్లది, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది అన్నదాన్ని బట్టి దీనికి జవాబు దొరకదు. లోపల పేరుకున్న కార్బన్ పెట్రోలు సరిగా కాలక పుట్టిందా, ఇంజిన్ ఆయిల్ కాలడం వల్ల పుట్టిందా అన్నది ముందు తేలాలి. పెట్రోలు కార్బన్‌కు హెడ్ దించడం చాలాసార్లు దండగ ఖర్చు. ఆయిల్ కార్బన్‌కు లిక్విడ్ పోయడం అంతకంటే దండగ.

అసలు అది కార్బనేనా అన్నది ఇంకా ముందు చూసుకోవాలి. మైలేజీ కాస్త తగ్గగానే కార్బన్ అనేస్తున్నారు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. కాబట్టి కొంత మైలేజీ అలాగే పోతుంది, దానికి ఇంజిన్‌ను అనుమానించక్కర్లేదు. కార్బన్ లక్షణాలు వేరు. ఇద్దరు ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టక్‌టక్‌మని నాకింగ్ రావడం, పాత కార్బ్యురేటర్ బండి కీ తిప్పి ఆపేసినా రెండు మూడు సార్లు కొట్టుకుని ఆగడం, పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, కిక్ కొడితే కాలికి బిగువు తగలకపోవడం. పిస్టన్ మీద, హెడ్‌లో పొర మందమైతే కాలే చోటు ఇరుకై కంప్రెషన్, అంటే లోపలి గాలి మీద నొక్కుడు, పెరుగుతుంది. ఆ పొర ఎర్రగా కాగి, ప్లగ్గు నిప్పు ఇవ్వకముందే పెట్రోలును అంటించగలదు. నాకింగ్ అక్కడి నుంచే వస్తుంది. ఊడిన పెచ్చు పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ కింద ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోక ఉన్న కంప్రెషన్ కూడా కారిపోతుంది.

ఇక కార్బన్ ఏ రకందో చెప్పే ప్లగ్గు దగ్గరికి వద్దాం. చాలామంది ఇంటి ముందు బండిని పది నిమిషాలు ఐడ్లింగ్‌లో పెట్టి, ఆపి, ప్లగ్గు విప్పుతారు. అలా చూస్తే మంచి బండి ప్లగ్గు కూడా నల్లగానే ఉండొచ్చు. కాసేపు రోడ్డు మీద నిలకడగా నడిపి, అక్కడే ఆపేసి, ఇంజిన్ చల్లారాక విప్పాలి. మధ్యలో ఉన్న తెల్ల పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఆ బండిని వదిలేయండి, దానికి ఏ పనీ అవసరం లేదు. పొడిగా, మెత్తగా, వేలితో రాస్తే కాటుకలా అంటుకునే మసి ఉంటే అది పెట్రోలు కార్బన్. తడిగా మెరుస్తూ, ప్లగ్గును బిగించే థ్రెడ్ల దాకా జిడ్డు పాకి, గుడ్డతో తుడిచినా నల్లటి గట్టి పొర వదలకుండా ఉంటే అది ఆయిల్. ఎక్కువ కాలం ఆయిల్ కాలిన ప్లగ్గు మీద బూడిద రంగు గరుకు గడ్డలు కూడా కడతాయి. ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింక్ లాంటివి కాలి మిగిల్చిన బూడిద అది.

సైలెన్సర్ పొగ రెండో సాక్ష్యం. నల్ల పొగ పెట్రోలు ఎక్కువవుతోందని, నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతాయి. నీలం పొగలోనూ తేడా చూడాలి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున వచ్చి ఆగిపోతే చాలామటుకు వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి) పని. రేసింగ్ ఇచ్చినప్పుడల్లా ఆగకుండా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. ఇంకా అనుమానంగా ఉంటే కంప్రెషన్ గేజీ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఒకసారి కంప్రెషన్ చూశాక ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెద్దగా మారకపోతే వాల్వుల దగ్గర కారుతున్నట్టు.

పెట్రోలు కార్బన్ అని తేలితే కారణం వెతకాలి, మన జిల్లాల్లో దానికి కొదవ లేదు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద తిరిగే బండ్లను చూడండి. ఊళ్లోంచి గుంట దగ్గరికి, అక్కడి నుంచి మేత షెడ్డుకు, మళ్లీ ఇంటికి. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తారు, రోజుకు ఎన్నోసార్లు. ప్లగ్గు కొన తన మీది మసిని తానే కాల్చుకోవాలంటే సుమారు 450 నుంచి 500 డిగ్రీల వేడి కావాలి, ఈ తిరుగుడులో ఆ వేడి రాదు. చీమకుర్తి వైపు సంగతి ఇంకొకటి. గ్రానైట్ దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతుంది, కార్బ్యురేటర్ బండిలో గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. అక్కడ కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్‌ను నమ్ముకోకూడదు, నెలకోసారైనా తీసి చూడాలి. చోక్ కేబుల్ సగంలో ఇరుక్కున్నా, గాలి పాళ్లు సర్దే ఎయిర్ స్క్రూ తప్పినా ఫలితం అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి వాటిలో తిప్పడానికి స్క్రూ లేదు. సెన్సర్ లైటు వెలుగుతోందా, ఇంజెక్టర్ సరిగా చల్లుతోందా అన్నవి చూడాలి.

కారణాన్ని సరిచేశాక మందు హైవే మీదే ఉంది. నెల్లూరు నుంచి కావలి దాకో, వీలైతే ఒంగోలు దాకో, ఇంజిన్ బాగా వేడెక్కాక సరైన గేర్‌లో నిలకడగా నడపండి. మెత్తటి మసిలో చాలావరకు కాలిపోతుంది. టాప్ గేర్‌లో పాతిక స్పీడులో ముక్కుతూ పోతే మాత్రం కార్బన్ పెరుగుతుంది.

లిక్విడ్‌కు చోటు ఇక్కడే, ఈ పనుల తర్వాత. డబ్బా మీద పీఈఏ, అంటే పాలీఈథర్ అమీన్, అని ఉన్నది తీసుకోండి. ఇంజెక్టర్ కొన మీద, గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ వెనక పట్టిన జిగురును కరిగించడంలో దానికి మంచి పేరుంది. పిస్టన్ నెత్తి మీది గట్టి పొరను పలచబరుస్తుంది గానీ నెమ్మదిగా, కొంతమేరకే. ఒక్క డబ్బాతో లోపల తళతళలాడుతుందని ఆశ పెట్టుకోవద్దు. డబ్బా మీది మోతాదు దాటొద్దు. కరిగినదాంట్లో కొంత రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ మార్చబోయే ముందు ట్యాంకులో పోసుకుంటే సరిపోతుంది.

ఆయిల్ కార్బన్‌కు ఇవేవీ పనిచేయవు. లిక్విడ్ నిన్నటి పొరను కరిగిస్తుంది, సీల్ లోంచి కారే ఆయిల్ రేపటికి కొత్త పొర వేస్తుంది. ఇక్కడ నేను హెడ్ దించడం వైపే ఉంటాను. శుభ్రం చేయడానికే కాదు, ఆయిల్ ఎటునుంచి వస్తోందో కంటికి కనిపించేది అప్పుడే.

నాది పాత వంద సీసీ బండి. పొద్దున నీలం పొగ, ప్లగ్గు మీద జిడ్డు. ‘బోరింగ్ చేయించాల్సిందే’ అని, అంటే సిలిండర్ లోపలి గోడను కొత్తగా తొలిపించాలని, ఒకచోట చెప్పేశారు. కోవూరులో ఇంకో మెకానిక్ మాత్రం, ‘అన్నా, హెడ్ దించి చూద్దాం, బోరు సంగతి తర్వాత’ అన్నాడు. దించి చూస్తే ఇన్‌టేక్ వాల్వ్ వెనక, కాడ చుట్టూ, గట్టి నల్ల పెచ్చు మందంగా కట్టి ఉంది. పిస్టన్ నెత్తి మీద మాత్రం పొర అంచు దాకా సమానంగా పొడిగా ఉంది. రింగులు ఆయిల్ వదులుతుంటే పిస్టన్ అంచు చుట్టూ కడిగినట్టు మెరిసే గీత కనపడేది, అది లేదు. సిలిండర్ గోడకు గోరు పెట్టి గీస్తే మెట్టు తగల్లేదు. అంటే ఆయిల్ పైనుంచి, వాల్వ్ సీల్స్ లోంచి వస్తోంది. సీల్స్ మార్చి, వాల్వ్ సందు లేకుండా కూర్చునేలా పేస్టుతో అరగదీసి, అంటే వాల్వ్ గ్రైండింగ్ చేసి, బిగించాడు. బోరింగ్ ఖర్చు తప్పింది. ఏ లిక్విడ్ పోసినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు.

హెడ్ దించడంలో ప్రమాదం పని చేసే చేతిలో ఉంటుంది. పక్కన నిలబడి చూడండి. పిస్టన్ అల్యూమినియంది, స్టీల్ స్క్రూడ్రైవర్‌తో గీకితే గాట్లు పడతాయి, ఆ గాట్లలోనే కార్బన్ మళ్లీ త్వరగా పడుతుంది. చెక్క పుల్లో, ప్లాస్టిక్ ముక్కో వాడమనండి. గీకే ముందు పిస్టన్‌ను పైకి తెచ్చి, అంచు చుట్టూ గ్రీజు రాయిస్తే పొడి రింగుల్లోకి జారదు. గ్రైండింగ్ అయ్యాక పోర్టులో, అంటే వాల్వ్ వెనక దారిలో, పెట్రోలు పోసి వాల్వ్ కారడం లేదని చూపించమనండి. హెడ్‌కూ సిలిండర్‌కూ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ కొత్తదే వేయాలి, పాతదానికి పేస్టు రాసి బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. చివర్లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర సందు సరిచేయడం.

మిగతావాటికి పెద్ద చర్చ అక్కర్లేదు. నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌లోకి పంపే మెషిన్ క్లీనింగ్‌ను నేను నమ్మను. ఆయిల్ కారే బండికి అదీ వృథాయే. ప్రీమియం పెట్రోలు వాడితే నష్టం లేదు, పాత పెచ్చును మాత్రం ఊడదీయదు. ప్లగ్గు రంధ్రంలో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచే పాత పద్ధతిలో కార్బన్ కొంత మెత్తబడుతుంది గానీ ఆ కిరోసిన్ కిందికి దిగి ఆయిల్‌ను పాడుచేస్తుంది, మార్చకుండా నడపకూడదు. నడుస్తున్న ఇంజిన్‌లోకి నీళ్లు వదలడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. నీళ్లు ఎక్కువై పిస్టన్ పైన నిలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కొత్తగా కార్బన్ పట్టకుండా ఉండాలంటే కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, టైముకు మార్చడం, చోక్ అవసరం తీరగానే మూసేయడం, వారానికోసారి బండికి కాస్త దూరం చూపించడం చాలు. బీఎస్ 6 బండి ఉన్నవాళ్లు నీలం పొగను అసలు నిర్లక్ష్యం చేయొద్దు. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ సైలెన్సర్‌లో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాన్ని మార్చే ఖర్చు ముందు వాల్వ్ సీల్స్ ఖర్చు ఏపాటిది?

ప్లగ్గు మీద మసీ, జిడ్డూ రెండూ కలిసి కనపడి ఎటూ తేలకపోతే హెడ్ జోలికి వెంటనే పోవద్దు. ఫిల్టర్, చోక్, ఎయిర్ స్క్రూ సరిచేసి, కొత్త ప్లగ్గు వేసి, ఆయిల్ లెవెల్ గుర్తు పెట్టుకుని ఓ వారం మామూలుగా తిరగండి. తర్వాత ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే ఆ సర్వీసే సరిపోయింది. మళ్లీ తడిగా ఉండి, లెవెల్ కూడా దిగితే హెడ్ దించించండి.