బోరు నీళ్లకు ఆర్‌ఓ యంత్రం: ఏడాది వాడాక

హైదరాబాదు శివారులోని మా అపార్ట్‌మెంటుకు బోరు నీళ్లే ఆధారం. ఆ నీళ్లలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, గీజరు కాయిలుకు తెల్లని పొలుసు కడుతుంది. ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే లీటరుకు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 840 మిల్లీగ్రాములు, కఠినత 420, ఫ్లోరైడ్ 0.8 అని వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500, కఠినత 200 లోపు ఉండాలి; వేరే నీటి వసతి లేనిచోట 2000, 600 వరకు సరిపెట్టుకోవచ్చు. అంటే మా నీళ్లకు రుచి లేదే గాని, అవి విషమేమీ కావు.

యంత్రం అమ్మవచ్చిన అబ్బాయి మాత్రం రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీల పరికరం ముంచి స్విచ్ వేశాడు. మా నీళ్లు నిమిషంలో బురద రంగుకు తిరిగాయి, అతను తెచ్చిన నీళ్లు తేటగానే ఉన్నాయి. మా అత్తగారు హడలిపోయారు. నిజానికి ఆ బురద కడ్డీల తుప్పే. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది, తీసేసిన నీటిలో పెద్దగా పారదు.

యంత్రం పనితనానికి వంక పెట్టలేను. పప్పు మెత్తగా ఉడుకుతోంది, టీ మీద తెట్టు కట్టడం లేదు. నా ఫిర్యాదల్లా బిగించిన తీరు మీదే. టీడీఎస్ 25కు దించి, అదే గొప్ప అన్నట్టు మీటరు చూపించి వెళ్లారు. కఠినతకు కారణమైన కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. అవి ఎక్కువగా ఆహారం నుంచే అందినా, నీటి నుంచి వచ్చే వాటాను డబ్బిచ్చి మరీ పోగొట్టుకోవడం ఎందుకు? కఠినతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు కూడా.

లోపల టీడీఎస్ సరిచేసే చిన్న మర ఒకటి ఉంటుంది. పట్టుబట్టి దాన్ని తిప్పించి 130కి తెచ్చుకున్నాక నీళ్ల చప్పదనం పోయింది. అయితే ఆ మర యంత్రంలోని వడపోత పొర గుండా పోని నీటినే కొంత కలుపుతుంది కనుక, నల్లగొండ వైపు బోర్లలాగా ఫ్లోరైడ్ 1.5 దాటే చోట దాని జోలికి పోకూడదు. చేతి మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

లీటరు మంచినీటికి దాదాపు రెండు లీటర్లు వృథాగా పోతున్నాయి. వాటిని బకెట్లో పట్టి ఇల్లు తుడుస్తున్నాము. ఉప్పదనం ఎక్కువ కాబట్టి తులసి కుండీకి పోయడం లేదు.