నేరాలు తగ్గాయా? పోలీసు లెక్క, ఇంటింటి సర్వే: ఏది మేలు?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన మహిళల్లో 31.2 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. 2019-21 నాటికి అది 29.3 శాతానికి దిగింది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నివేదికలు తిరగేస్తే కథ వేరు. భర్త, అత్తింటివారి క్రూరత్వం కింద 2016లో 1.10 లక్షల కేసులు, 2021లో 1.36 లక్షలు. ఒకటి తగ్గిందంటుంది, మరొకటి పెరిగిందంటుంది.

గృహహింస విషయంలో నేను సర్వేనే నమ్ముతాను. హింసకు గురైనవారిలో 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేదని, సాయం కోరలేదని ఆ సర్వేలోనే తేలింది. కన్నతల్లికే చెప్పుకోలేని బాధను ఎస్ఐ ఎదుట ఎందరు చెబుతారు? కేసులు పెరిగాయంటే, గడప దాటి స్టేషన్‌కు వచ్చిన మహిళలు పెరిగారని కూడా అర్థం కావచ్చు. కేరళ నేరాల రేటు తరచూ ఎక్కువగా కనిపించడానికి ఫిర్యాదులు నమోదు కావడమే పెద్ద కారణం. అలాంటి రాష్ట్రాన్ని నేరాల అడ్డా అనడం అన్యాయం.

హత్యలకు మాత్రం పోలీసు లెక్కే దిక్కు. చనిపోయినవారిని ఏ సర్వే అడగగలదు? శవాన్ని కప్పిపుచ్చడమూ తేలిక కాదు. 1992లో దాదాపు 40 వేల హత్యలు నమోదైతే, జనాభా అంత పెరిగాక కూడా 2022లో 28,522. లక్ష మందికి 2.1. ఈ తగ్గుదల నిజమైనదే. బైకుల చోరీ లెక్కా కొంత నయం, ఎఫ్ఐఆర్ లేనిదే బీమా సొమ్ము రాదు కాబట్టి. అదే జేబులోంచి ఫోను కొట్టేస్తే, “పోయిందని రాసివ్వండి చాలు” అంటారు. దాంతో దొంగతనం కాస్తా పోగొట్టుకున్న వస్తువైపోతుంది.

అన్నింటికన్నా నమ్మరానిది “దేశంలో మొత్తం నేరాలు” అనే అంకె. 2020లో అది 28 శాతం పెరిగింది. ప్రభుత్వ ఆదేశాల ఉల్లంఘన కేసులు సుమారు 29 వేల నుంచి 6.12 లక్షలకు ఎగబాకాయి మరి. అది లాక్‌డౌన్ ఏడాది! పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో దోపిడీ, హత్య రెండూ ఉంటే లెక్కకెక్కేది హత్య ఒక్కటే.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1982లో మొదలైన సర్వే ఇళ్లకు వెళ్లి, మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా అని అడుగుతుంది. దాన్ని పోలీసు లెక్క పక్కన పెట్టి చూస్తారు. అన్ని నేరాల గురించీ అలా ఏటా అడిగే జాతీయ సర్వే మనకూ కావాలి.