ఉండవల్లి గుహలు: పడుకున్న విష్ణుమూర్తి ఒక్కడినే చూసి వచ్చేయకండి

విజయవాడ నుంచి ఉండవల్లికి వెళ్లేవాళ్లలో చాలామంది టికెట్టు తీసుకోగానే మెట్లెక్కేసి, అనంతశయనుడి ముందు ఫొటో దిగి, అరగంట తిరక్కుండా బయట కొబ్బరిబోండాల బండి దగ్గర తేలతారు. అంత తొందరగా చూస్తే ఇది ఒక పెద్ద విగ్రహం ఉన్న గుహ, అంతే. శిల్పం మీద కాస్త ఆసక్తి ఉంటే గంటన్నరైనా పెట్టుకోండి. అందులో మొదటి పావుగంట లోపలికి అడుగు పెట్టకండి.

ఎదురుగా పచ్చిక మీద నిలబడితే నాలుగు అంతస్తులూ ఒక్కచూపులో అందుతాయి. ముఖభాగం పొడవు సుమారు 29 మీటర్లు. పైకి పోయేకొద్దీ అంతస్తు వెనక్కి తగ్గుతూ మేడ కట్టినట్టే ఉంటుంది కానీ, రాయి మీద రాయి పేర్చింది ఎక్కడా లేదు. కొండను తొలిచి, అక్కర్లేని రాయి తీసేయగా మిగిలిందే ఈ మేడ. దూలాలకూ చూరుకూ ఇక్కడ నిజానికి పని లేదు. కట్టడాల్లో అలవాటైన రూపాన్ని శిల్పులు రాతిలోకి దించారు. పై అంచున కూర్చున్న ఋషుల్లాంటి విగ్రహాలనూ పక్కనున్న సింహాలనూ కూడా ఇక్కడి నుంచే చూసుకోండి. దగ్గరికి వెళ్తే మెడ నొప్పి తప్ప మొత్తం వరస కనపడదు.

మామూలుగా దీన్ని విష్ణుకుండిన రాజుల కాలానిదిగా చెబుతారు. కచ్చితమైన శతాబ్దం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడి నుంచి కొండవీటికో మంగళగిరికో సొరంగం ఉందన్న కథ ఎవరో ఒకరు చెబుతారు, సరదాగా వినండి.

మా లెక్కలో అసలు పాఠం కింది అంతస్తులో ఉంది. ఎనిమిది స్తంభాలు, వాటి మధ్య ఏడు దారులు, చెక్కడం సగంలో ఆగిపోయిన మండపం. జనం దాటిపోయేది సరిగ్గా దీన్నే. పూర్తయిన గుహ పనితనాన్ని దాచేస్తుంది. సగంలో ఆగినది పని ఎలా సాగిందో చూపిస్తుంది. ముందు నలుచదరపు దిమ్మెను వదిలి చుట్టూ తొలిచేవారు. ఆ తర్వాత నడుము భాగంలో నాలుగు మూలలూ చెక్కేసి ఎనిమిది పలకలు చేసేవారు. మొదలూ తలా చదరంగానే మిగిలేవి. ఇక్కడి మోటు స్తంభాన్ని గుర్తు పెట్టుకుని, పై అంతస్తుల్లో నునుపు తేలిన స్తంభం పక్కన నిలబడితే మధ్యలో ఎంత పని ఉందో తెలుస్తుంది. కట్టే గుడిలో పగిలిన రాయిని మార్చుకోవచ్చు. తొలిచే గుడిలో పెచ్చు లేచిందంటే దాన్ని కలుపుకునే ముందుకు పోవాలి.

విగ్రహాలు చూసేటప్పుడు ఫోన్ టార్చిని ఎదురుగా పట్టుకోకండి. శిల్పం చదునైపోయి బూడిదరంగు గోడలా కనిపిస్తుంది. చేతిని పక్కకి చాచి, గోడకు దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా వెలుతురు పంపండి. అప్పటిదాకా మచ్చలా ఉన్నచోట చెయ్యి, కిరీటం, ఉలి గీతలు ఒక్కొక్కటే లేస్తాయి. ఇది బాగా పనికొచ్చేది కింది అంతస్తుకు పైనున్న మొదటి అంతస్తులో. అక్కడ వెనక వైపు మూడు గర్భగుళ్లు, ఒక్కోదానికి ముందు ఒక ముఖమండపం ఉన్నాయి. మొదట శివుడికీ విష్ణువుకీ బ్రహ్మకీ అనుకున్నవని పురావస్తు శాఖ వివరణ. గోడల మీద మాత్రం పెద్ద పెద్ద వైష్ణవ శిల్పాలు.

ఆ పైది అనంతశయనుడి అంతస్తు. నేలనుంచి లెక్కపెడితే మూడోది. అందుకే కొందరు రెండో అంతస్తనీ, కొందరు మూడో అంతస్తనీ రాస్తారు. రెండూ ఒకటే. విగ్రహం పొడవు ఐదు మీటర్ల పైమాటే. ఎక్కడి నుంచో గ్రానైట్ బండ తెచ్చి చెక్కారని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. శేషుడి చుట్టలు నేలను తాకే అంచు వెంబడి చూడండి, అతుకు దొరకదు. ఈ గుహను తొలిచినప్పుడే అదే కొండరాయిలో ఈ మూర్తికి సరిపడా దిమ్మెను వదిలిపెట్టారు. అంటే గది కొలతా విగ్రహం కొలతా ఒకేసారి నిర్ణయమై ఉండాలి. తలవైపు నుంచి పాదాల దాకా ఒకసారి మెల్లగా నడిస్తేనే ఆ పొడవు ఒంటికి తెలుస్తుంది. వైడ్ లెన్స్‌తో తీస్తే ఒక కొస సాగి, నిష్పత్తి చెడుతుంది. రెండు మూడు ముక్కలుగా తీసుకోవడం మేలు. నాలుగోదైన పై అంతస్తు పూర్తి కాలేదు. అక్కడా మూడు గర్భగుళ్ల పథకమే. పైకి వెళ్లనివ్వకపోతే పెద్దగా బాధపడక్కర్లేదు.

ఇక ఏర్పాట్ల సంగతి. విగ్రహం విగ్రహానికీ పేరుపలక ఉంటుందనుకుని వెళ్లకండి, ముందే కొంత చదువుకోండి. టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. ట్రైపాడ్ కావాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందుగా తెచ్చుకోవాలి. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పచ్చిక మీది నుంచి ముఖభాగాన్నీ, కింది మండపాన్నీ చూసినా సగం సంగతి దక్కినట్టే. వాన కురిసిన రోజు నున్నటి చెప్పులు వద్దు. వేసవిలో తొమ్మిదింటికే చేరుకోండి, మధ్యాహ్నానికి ఆ రాయి పెనంలా కాలుతుంది. గోడ మీద పేరు చెక్కితే చట్ట ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లల గుంపును తీసుకెళ్లేవాళ్లు ఈ మాట బస్సులోనే చెప్పేయండి.

విజయవాడ వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే దగ్గరే, మొత్తం ఆరు కిలోమీటర్లు. గుంటూరు నుంచి మంగళగిరి, తాడేపల్లి మీదుగా ఉండవల్లి సెంటరుకు రావాలి. అక్కడి నుంచి ఆటోలో వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణం మాట కూడా ఎక్కేముందే తేల్చుకోవడం మంచిది.