అర ఎకరం కుంటలో చేప పెంచాలా, చేపపిల్ల పెంచాలా?

వరంగల్, ములుగు వైపు బోరు ఆసరా ఉన్న అర ఎకరం కుంటకైతే పిల్లల పెంపకమే మేలు. కాకపోతే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లతో (స్పాన్) కాదు, అంగుళం పిల్లతో (ఫ్రై) మొదలుపెట్టాలి.

కూర చేప లెక్క తేలిక. బొచ్చె, రవ్వ, మోసు కలిపి 1,000 పిల్లలు వదిలి, తవుడూ పల్లిచెక్కా సమంగా కలిపి రోజూ చేపల బరువులో 2–3 శాతం వేస్తే పది నెలలకు 600–800 కిలోలు దిగుతాయి. ఒక్క మనిషి చూసుకోవచ్చు. చిక్కంతా ఎండాకాలంలోనే. బోరు తగ్గేసరికి చేప ఇంకా ఎదగదు. ఊరి చెరువుల్లోనూ అప్పుడే వలలు పడతాయి, ధర దిగుతుంది.

పిల్లల పంట రెండు మూడు నెలలే. జూలైలో 25 మి.మీ. ఫ్రై 50,000 వేస్తే 30,000 దాకా 80–100 మి.మీ. పిల్లలవుతాయి. చెరువులో వదలడానికి ఆ సైజే కావాలి, చిన్నవాటిని కొర్రమీను, వాలుగ మింగేస్తాయి. మత్తడి దూకడం ఆగాక మత్స్యకారుల సంఘాలు వెతికేదీ వీటినే.

వేసేముందు కుంట ఎండగట్టాలి. కుదరకపోతే మీటరు లోతు నీటికి 500 కిలోల ఇప్పపిండి (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్క) చల్లితే పాత చేపలు చస్తాయి. విషం విరగడానికి మూడు వారాలు ఆగాలి, ఆ తర్వాత అదే ఎరువు.

స్పాన్ చవకే, కానీ నీటిపురుగులు రెండు రోజుల్లో ఊడ్చేస్తాయి. ముందురోజు 11 కిలోల నూనె, మూడున్నర కిలోల సబ్బు కలిపి చల్లితే పైకొచ్చి గాలి పీల్చే పురుగు ఊపిరాడక చస్తుంది. గాలి వీస్తుంటే నూనెపొర ఒక ఒడ్డుకు చేరి మందు వృథా. అన్నీ కుదిరినా మూడో వంతు బతికితే గొప్ప. కొత్తవాళ్లకు ఎందుకీ తంటా?

అమ్మే ముందురోజు మేత ఆపి పిల్లల్ని హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టి) ఉంచాలి. కడుపు నిండినవి సంచిలో విసర్జించి నీళ్లు పాడుచేస్తాయి, దారిలోనే పోతాయి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్. వల లాగడం, సైజులు వేరుచేయడం, సంచులు కట్టడం... ఆ రోజుల్లో ఇంటివాళ్లు చాలరు, ఊళ్లో ఆడవాళ్లకూ కూలి దొరుకుతుంది.

కొనేవాళ్లు జూన్‌లోపే ఖాయం కాకపోతే మాత్రం కూర చేపే వేయండి. పిల్లలు కొన్ని మిగిలితే భయం లేదు: మేత తగ్గించి ఒత్తుగా ఉంచితే ఎదగకుండా ఏడాది పిల్లలవుతాయి, వెడల్పు నీళ్లు తగలగానే గబగబా పెరుగుతాయి. ఆరు నెలలే నీళ్లుండే కుంటలవాళ్లు వాటికి ఎక్కువ ధరే ఇస్తారు.