చూడి ఆవులు కొంటున్నారా? ‘రక్త పరీక్ష నెగెటివ్’ అన్న మాట ఒక్కటే నమ్మకండి

గత దీపావళికి ముందు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు కొన్నాను. అన్నీ మూడు నెలల చూడివి, ఒక్కొక్కటి 85 వేల రూపాయలు. బేరానికి ముందే రక్త పరీక్ష సంగతి అడిగాను. అమ్మిన వ్యక్తి ఒక కాగితం చేతిలో పెట్టి, ‘అన్నీ నెగెటివ్, ఈసుకుపోయే భయమే లేదు’ అన్నాడు, అంటే నెలలు నిండకుండా గర్భం పోయే భయం లేదని. ఆ ఒక్క మాట చూసుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రెండు నెలలు తిరిగేసరికి ఒక ఆవు ఈసుకుపోయింది. మరో మూడు వారాలకు ఇంకొకటి. జ్వరం లేదు, మేత మానలేదు. సాయంత్రం నెమరువేస్తూ పడుకున్న ఆవు దగ్గర తెల్లారి చూస్తే చచ్చిన పిండం ఉంది.

మా పశువైద్యుడు ఆ కాగితం చదివి చెప్పేదాకా నాకు విషయం తెలియలేదు. అందులో ఉన్నది రోజ్ బెంగాల్ పరీక్ష ఒక్కటే. అది గర్భం పోగొట్టే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా కోసం చేసేది. పరాన్నజీవుల వల్ల వచ్చే గర్భస్రావాల గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పైగా కాగితం మీద ఏ ఆవు చెవిపోగు సంఖ్యా లేదు. ఆ 12 అంకెలు లేనప్పుడు అది ఏ ఆవు రక్తమో ఎవరు చెప్పగలరు?

నాలుగింటి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) యాంటీబాడీలను పట్టే ఎలైజా పరీక్షకు పంపితే మూడింటికి నియోస్పోరా అనే పరాన్నజీవి పాజిటివ్ వచ్చింది. మొదటి పిండాన్ని తెలియక పూడ్చిపెట్టాను. రెండోదాన్ని మాయతో సహా మంచుపెట్టెలో పంపితే మెదడులో అదే పరాన్నజీవి దొరికింది. ఇది ముఖ్యం: తల్లి రక్తం పాజిటివ్ అయినంత మాత్రాన గర్భం పోవడానికి కారణం అదేనని తేలదు, పిండాన్ని కూడా పరీక్షించాలి. తొడుగులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, బ్రూసెల్లా అయితే మనుషులకూ సోకుతుంది.

నియోస్పోరా కుక్కల మలం ద్వారా మేతలో, నీళ్లలో చేరుతుంది. ఆవు నుంచి పక్క ఆవుకు నేరుగా అంటదు కానీ, తల్లి కడుపులోనే దూడకు వస్తుంది. ఒకసారి సోకితే జీవితాంతం ఉంటుంది, నయం చేసే మందు లేదు. చూడటానికి ఆవు నిండు ఆరోగ్యంగా ఉంటుంది, అందుకే అమ్మేవాడికి సులువు.

కాబట్టి అమ్మేవారి కాగితం మీద ఆధారపడకండి. డబ్బు ఇవ్వకముందే మీ పశువైద్యుణ్ణి తీసుకెళ్లి, మీ కళ్ల ముందు రక్తం తీయించి, గొట్టం మీద చెవిపోగు సంఖ్య రాయించండి. థైలేరియా, బబేసియా, సర్రా అనే రక్తంలోని పరాన్నజీవుల జబ్బుల కోసం గాజు పలక మీద రక్తపు పూత వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు, దానికి గడ్డకట్టని రక్తం కావాలి. నియోస్పోరా ఆ పూతలో కనిపించదు, దానికి సీరం వేరుగా తీయాలి. ‘రక్త పరీక్ష చేశాం’ అంటే ఏ జబ్బుకు, ఏ పద్ధతిలో, ఏ రోజున అని అడగండి. యాంటీబాడీలు ఒక్కోసారి తగ్గి పాజిటివ్ ఆవు కూడా నెగెటివ్‌గా కనిపించవచ్చు. అందుకే దాని తల్లి, అక్కచెల్లెళ్లు ఎప్పుడైనా ఈసుకుపోయాయా అని కూడా ఆరా తీయండి.

పాజిటివ్ ఆవుల్లో ఒకటి గర్భం నిలుపుకుంది, వచ్చే నెలలో ఈనుతుంది. దూడ జున్నుపాలు తాగకముందే రక్తం తీయమని డాక్టరు గారికి ఇప్పుడే చెప్పి పెట్టాను. తాగాక తీస్తే అందులో తల్లి యాంటీబాడీలు కలిసిపోతాయి.